సూర్యుడు రాకముందే గట్టెక్కు

చిరంజీవి అబ్బాయికి,

చెరువులో శీలావతి, బొచ్చె చేపపిల్లలు వదిలావని తెలిసి సంతోషించాను. మేత గురించి చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు, నేను నీళ్ల సంగతి రాస్తాను.

రోజూ పొద్దు పొడవకముందే చెరువు చూడు. పగలు ఎండకు ప్లాంక్టన్ (నీటిని పచ్చగా ఉంచే సూక్ష్మజీవులు) తయారుచేసిన ఆక్సిజన్‌ని రాత్రంతా అదే ప్లాంక్టన్, చేపలు, అడుగు బురద కలిసి వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళ లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే నిశ్చింత. 3 కన్నా తగ్గితే చేప సరిగా తినదు. నీటి మీదకొచ్చి నోళ్లు తెరిచి గుటకలేస్తూ, నువ్వు చప్పుడు చేసినా లోపలికి పోకపోతే ప్రమాదం ముంచుకొచ్చినట్టే. ఏరియేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు వెయ్యి, లేకపోతే ఇంజనుతో చెరువు నీళ్లనే పైకి చిమ్మించు. మేత ఆపు. అప్పుడు మాత్రం వల లాగకు. బురద కదిలితే ఉన్న కాస్త ఆక్సిజనూ పోతుంది.

చేప తేలగానే సున్నం చల్లమని చెబుతారు. కంగారుపడి చల్లొద్దు! కాల్చిన సున్నం పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, పెంచుతుంది. అది పెరిగేకొద్దీ మేత, చేపల రెట్ట వల్ల నీటిలో చేరే అమోనియా విషమవుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 8 ఉంటే మొత్తం అమోనియాలో విషంగా ఉండేది 7, 8 శాతమే; 9కి చేరితే సగం దాకా అదే. ముందు పీహెచ్, అమోనియా రెండూ చూడు. మధ్యాహ్నం 3 గంటలకు కూడా పీహెచ్ కొలువు, పొద్దుటికీ దానికీ తేడా ఎక్కువుంటే నీటిలో క్షారత, అంటే పీహెచ్ ఊగిపోకుండా ఆపే గుణం, తక్కువన్నమాట. అప్పుడు కాల్చని వ్యవసాయ సున్నం ఎకరాకు 40, 50 కిలోలు మంచిది. సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వెయ్యాలంటే సున్నానికీ దానికీ వారం ఎడమివ్వు, సున్నం భాస్వరాన్ని పట్టేస్తుంది.

రంగు చూడ్డానికి చెయ్యి ముంచు. మోచేయి మునిగేసరికి అరచెయ్యి కనబడకపోతే సరిపోయింది. మణికట్టు మునగ్గానే వేళ్లు మాయమైతే ప్లాంక్టన్ ఎక్కువైనట్టే, పేడ, యూరియా ఆపేసి కొంత నీరు మార్చు. చిక్కటి పచ్చనీరు ఒక్కసారిగా గోధుమరంగుకు తిరిగితే ప్లాంక్టన్ చచ్చిందన్నమాట, ఆక్సిజన్ పడిపోతుంది, ఆ రాత్రి నిద్రపోవద్దు.

అసలు అమోనియా మేత సంచి నుంచే మొదలవుతుంది. తవుడు, నూనె తీసిన గింజల చెక్క కట్టిన చిల్లుల సంచిని మూడు గంటలయ్యాక పైకి లాగి చూడు. మిగిలితే మర్నాడు తగ్గించు. మబ్బు పట్టిన రోజు సగమే కట్టు. చేపల పట్టుబడి అయ్యాక చెరువు నెర్రెలిచ్చేదాకా ఎండనివ్వు. కుళ్లిన గుడ్డు వాసనొచ్చే నల్ల బురద ఉంటే తీయించాకే మళ్లీ నీళ్లు పెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న