కాలర్ సరే, హుడ్ మాత్రం బ్యాగులో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, నాకు ఇరవై ఆరేళ్లు. రెండేళ్లుగా పప్ ప్లే కమ్యూనిటీలో ఉన్నాను. మా ప్యాక్‌లో ఐదుగురం, అందరికీ బొమ్మలంటే పిచ్చి. వచ్చే నెల ఒక పెద్ద ఆర్ట్ మ్యూజియం చూడ్డానికి వెళ్తున్నాం. హుడ్లు వేసుకునే వెళ్దామని ఇద్దరు, మామూలు బట్టల్లో వెళ్దామని ఇద్దరు పట్టుబట్టి కూర్చున్నారు, మధ్యలో నేను నలిగిపోతున్నాను. తీసేసి వెళ్తే సిగ్గుపడి దాక్కున్నట్టు ఉంటుంది, వేసుకుని వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు ఈ మాట కొత్తగా వింటున్న పాఠకులకి ఒక్క ముక్క చెప్పి నీ దగ్గరికొస్తాను. పప్ ప్లే అంటే పెద్దవాళ్లు తమ ఇష్టంతో కాసేపు కుక్కపిల్ల స్వభావంలోకి వెళ్లి ఆడుకోవడం. కుక్క మూతి ఆకారంలో ఉన్న హుడ్, మెడకి కాలర్, కొందరికి తోక కూడా ఉంటాయి. పప్‌ని చూసుకునే మనిషిని హ్యాండ్లర్ అంటారు. తోలు దుస్తులూ, ఆధిపత్యంతో కూడిన శృంగారమూ ఇష్టపడే లెదర్ కమ్యూనిటీ నుంచి పెరిగిన సంగతి ఇది. కొందరికి ఇందులో శృంగారం ఉంటుంది, కొందరికి బొత్తిగా ఉండదు, బుర్రలో రోజంతా మోగే రొద కాసేపు ఆగడమే వాళ్లకి కావలసింది. నేనూ ఆ రొద ఆగడం కోసమే ఇందులోకి వచ్చాను.

ఇక నీ సంగతి. హుడ్ తీసే వెళ్లు, కాలర్ ఉంచుకో. ఇది సిగ్గుకి సంబంధించిన విషయం కానే కాదు.

కోట్ల విలువ చేసే వస్తువులు గోడకి వేలాడుతున్న చోట, లోపలికొచ్చే మనిషి ముఖం కనబడాలనుకోవడం న్యాయమే, అందుకే చాలా మ్యూజియాల నిబంధనల్లో ముఖం కప్పే మాస్కులు వద్దని ఉంటుంది. కొన్ని దేశాల్లో ఇది ఏకంగా చట్టం: ఫ్రాన్స్‌లో 2011 నుంచి, ఆస్ట్రియాలో 2017 నుంచి, డెన్మార్క్‌లో 2018 నుంచి బహిరంగ స్థలాల్లో ముఖం కప్పుకుంటే జరిమానా వేస్తారు. మినహాయింపులు కొన్ని ఉన్నా, టికెట్ కొనుక్కుని బొమ్మలు చూడ్డానికొచ్చిన మనిషికి అవి పనికొస్తాయని ధీమాగా వెళ్లకు.

రెండోది మనకే బాగా తెలిసిన విషయం. హుడ్ వేసుకుంటే కాళ్ల దగ్గర ఏముందో కనపడదు, పక్క చూపు బాగా తగ్గిపోతుంది. 2006లో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఒక సందర్శకుడు ఊడిన షూ లేసు తొక్కి మెట్ల మీద జారితే మూడు చైనా పూలకూజాలు ముక్కలు ముక్కలయ్యాయి. ఒక్క షూ లేసు! వెనక ఊగే తోక, చేతిలో వేలాడే లీష్ ఏం చెయ్యగలవో నువ్వే ఆలోచించు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. మన ఆటకి పునాదే అంగీకారం. ఎదుటి మనిషి సరే అనకుండా మనం ఏదీ మొదలుపెట్టం, అవునా? గ్యాలరీలో మన పక్కన నిలబడ్డ ముసలాయన గానీ, బడి పిల్లలు గానీ ఆ సరే చెప్పలేదు. LGBTQ వాళ్లు గర్వంగా చేసుకునే ప్రైడ్ ఊరేగింపుకి వచ్చినవాళ్లు మనల్నీ చూడ్డానికే వస్తారు, మ్యూజియంకి వచ్చినవాళ్లు గోడ మీద బొమ్మ కోసం వస్తారు. ఆ తేడాని గౌరవించడం దాక్కోవడం ఎలా అవుతుంది?

నాకూ ఒకసారి మనసు కలుక్కుమంది. ఎక్కడన్నది వద్దులే. హుడ్‌ని బ్యాగుకి తగిలించుకుని వెళ్లాను, ముఖానికి కూడా కాదు. గేటు దగ్గర మనిషి దాన్ని రెండు వేళ్లతో ఎలుక తోక పట్టుకున్నట్టు పట్టుకుని, ఇదేంటని క్యూ మొత్తానికీ వినపడేలా అడిగాడు. చెవులు కాలిపోయాయి. ఇత్తడి టోకెన్ ఇచ్చాడు, నంబరు 41. అది గుప్పిట్లో బిగించి పట్టుకుని మొదటి గది ఎలా దాటానో కూడా గుర్తులేదు. కానీ రెండో గదిలో ఒక విందు బొమ్మ ఉంది. అందరూ బల్ల మీద పళ్లూ వెండి గిన్నెలూ చూస్తున్నారు, నేను మాత్రం బల్ల కింద ఎముక కోసం మెడ చాచిన చిన్న కుక్క దగ్గర ఆగిపోయాను. దాని ఎత్తుకి వంగి చూస్తే బొమ్మంతా మారిపోయింది, బల్లగుడ్డ అంచులూ, చెప్పులూ, ఒకావిడ రహస్యంగా కింద పడేస్తున్న రొట్టెముక్కా. అంత పెద్ద బొమ్మలో ఆవిడ చెయ్యి ఏం చేస్తోందో కుక్కకి తప్ప ఎవరికీ తెలీదు. హుడ్ అక్కడ క్లోక్‌రూంలో ఉంది, నేను మాత్రం పూర్తిగా పప్‌నే. ఆ చూపుకి గేర్ అక్కర్లేదని ఆరోజే తెలిసింది.

ఇద్దరిద్దరుగా చీలిపోవద్దు తమ్ముడూ. కాలర్లు పెట్టుకోండి, ముళ్లున్నవి, గంటలున్నవి మాత్రం వద్దు. కావాలంటే ప్యాక్ అంతా ఒకే రంగు టీషర్టు వేసుకోండి. బయటికొచ్చాక పార్కులో, చుట్టుపక్కల ఎవరికీ ఇబ్బంది లేని చోట, అక్కడి చట్టం ఒప్పుకుంటే, హుడ్లు తొడుక్కుని ఫొటో దిగండి.

ప్రశ్న: నమస్తే అండీ. నేను హ్యాండ్లర్‌ని. మా పప్‌కి ఒక పెయింటింగ్ ముందు పూర్తి గేర్‌లో, లీష్‌తో ఫొటో తీయించుకోవాలని ఏళ్లనాటి కోరిక. 1968లో ఒక కళాకారిణి ఏకంగా వీధిలోనే ఇలా చేశారట కదా, మాకెందుకు కుదరదు?

జవాబు: మీరు చెప్పేది వాలీ ఎక్స్‌పోర్ట్ గురించి. వియన్నా వీధిలో పేటర్ వైబెల్ అనే తోటి కళాకారుడికి లీష్ కట్టి, నాలుగు కాళ్ల మీద నడిపించారామె. ఎప్పుడూ మగవాడి చేతిలోనే ఉండే తాడుని ఆడమనిషి పట్టుకుంటే జనం ఎలా చూస్తారన్నది అందులో ప్రశ్న, జనం మొహాల్లో కనిపించిన ఇబ్బంది కూడా ఆ పనిలో భాగమే. రష్యన్ కళాకారుడు ఒలెగ్ కులిక్ ఇంకా ముందుకి వెళ్లాడు, 1990లలో ఒంటిమీద నూలుపోగు లేకుండా కుక్కలా గొలుసుతో ఉండేవాడు, 1996లో స్టాక్‌హోమ్ ప్రదర్శనలో దగ్గరికొచ్చిన సందర్శకుణ్ని కరిచాడు కూడా, పోలీసులొచ్చారు. ఆ కరవడాన్ని నేను సమర్థించలేను, కళ పేరు పెట్టినా సరే.

వాళ్లకి కావలసింది జనాన్ని కదిలించడం. మీ పప్‌కి కావలసింది ఒక మంచి జ్ఞాపకం. దానికి దొంగచాటు పని అక్కర్లేదు, అడగండి. పెద్ద మ్యూజియాల్లో సాయంత్రం పూట పెద్దవాళ్లకి మాత్రమే పెట్టే కార్యక్రమాలుంటాయి, వేషాలతో రమ్మనే రాత్రులుంటాయి, ప్రైడ్ నెలలో ప్రత్యేక టూర్లుంటాయి. మెయిల్‌లో నాన్చకుండా రాయండి: మేం ఇద్దరం పెద్దవాళ్లం, ఒంటినిండా బట్టలుంటాయి, హుడ్ రెండు నిమిషాలు మాత్రమే, ఫ్లాష్ వాడం, మీ సిబ్బంది పక్కనే ఉండొచ్చు, ఏ గది ఖాళీగా ఉంటుందో మీరే చెప్పండి. హుడ్ ఫొటో కూడా జతచెయ్యండి, లేకపోతే చదివేవాళ్లు మనసులో ఏదేదో ఊహించుకుంటారు. వద్దంటే వద్దు, బతిమాలొద్దు. అన్నట్టు, మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం లాంటి చోట గదుల్లో మామూలు ఫొటోలకి కూడా అనుమతి లేదు, కాబట్టి బొమ్మని ఎంచుకునే ముందే ఆ సంగతి చూసుకోండి.

ప్రశ్న: పేరు రాయలేను. నేను పప్‌నని ఎవరికీ తెలీదు. ఒంటరిగా మ్యూజియాలకి వెళ్తుంటాను. మాలాంటివాళ్లం ఆ గోడల మీద ఎక్కడన్నా ఉన్నామా?

జవాబు: ఉన్నారండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీకోసం కాస్త ఎక్కువే రాస్తాను.

జర్మనీలో హిల్డెస్‌హైమ్ అనే ఊరి మ్యూజియంలో నక్క తల ఉన్న ఈజిప్టు దేవుడు అనుబిస్ ముసుగు ఒకటి ఉంది, కాల్చిన మట్టితో చేసింది, పొడవాటి మూతి, నిక్కిన చెవులు. ఈజిప్టు పూజారి దాన్ని తలకి తొడుక్కునేవాడు. చూడ్డానికి కన్నాలు ముసుగు కళ్ల దగ్గర లేవు, కింద మెడ దగ్గర ఉన్నాయి. ఆ బరువుతో, ఆ కన్నాల్లోంచి ఎంత కనపడుతుంది? దానికి జవాబు ఈజిప్టులోనే దెందెరా గుడి గోడ మీద చెక్కి ఉంది: ముసుగు లోపలి మనిషి ముఖం కూడా కనిపించేలా చెక్కారు, పక్కనే ఇంకో పూజారి అతన్ని పట్టుకుని నడిపిస్తున్నాడు. వాళ్లది పూజ, మనది ఆట, రెండూ ఒకటని నేను అనను. కానీ తోడు మనిషి చెయ్యి మీద నమ్మకంతో అడుగు వెయ్యడం ఎలా ఉంటుందో హుడ్ వేసుకున్న ప్రతి పప్‌కీ తెలుసు.

మన కాలానికొస్తే, రాబర్ట్ మేపుల్‌థార్ప్ 1979లో తీసిన ఒక ఫొటో ఉంది. మామూలు ఇంటి హాలు, లెదర్ వేసుకున్న జంట, ఒకరు కుర్చీలో గొలుసులతో, రెండోవారు పక్కన నిలబడి ఆ గొలుసు పట్టుకుని. ఇద్దరూ పెళ్లి ఫొటోకి నిలబడ్డంత నిమ్మళంగా మనవైపే చూస్తుంటారు. ఆయన ఫొటోల ప్రదర్శన పెట్టినందుకు 1990లో అమెరికాలోని సిన్సినాటిలో మ్యూజియం మీద, దాని డైరెక్టర్ మీద అశ్లీలత కేసు పెట్టారు, జ్యూరీ నిర్దోషులని తేల్చింది. ఈరోజు మీరు ఆ ఫొటోల ముందు ప్రశాంతంగా నిలబడగలుగుతున్నారంటే ఆ డైరెక్టర్ బోనెక్కడం వల్ల కూడా. షికాగోలో 1991లో మొదలైన లెదర్ ఆర్కైవ్స్ అండ్ మ్యూజియం మన చరిత్ర కోసమే ఉంది. బెర్లిన్‌లో స్వలింగ ప్రేమికుల చరిత్ర చూపించే ష్వూలెస్ మ్యూజియం 1985 నుంచి ఉంది. ఈ రెండు చోట్లా మీరు ఎవరో వివరించుకోనక్కర్లేదు.

ఒక్క బొమ్మే చూడగలిగితే మాత్రం ప్రాడోలో స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన కుక్కని చూడండి. 1819-23 మధ్య తన ఇంటి గోడ మీద తనకోసమే వేసుకున్న బొమ్మ. నిలువు బొమ్మలో చాలా భాగం ఖాళీ పసుపు, అట్టడుగున ఒక చిన్న తల మాత్రం పైకి చూస్తుంటుంది. దేనికోసం చూస్తోందో ఎవరూ తేల్చలేదు. మీరు ఒంటరిగా వెళ్తారన్నారుగా, ఆ బొమ్మకి ఒంటరిగా వెళ్లడమే మంచిది.

ప్రశ్న: నేను మ్యూజియంలో గ్యాలరీ అటెండెంట్‌ని. ఈమధ్య కాలర్లతో, బ్యాగులో హుడ్లతో కొందరు వస్తున్నారు. వాళ్లతో ఎలా మాట్లాడాలండీ? తప్పు మాట్లాడతానేమోనని భయం.

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకే మీకు దండం పెట్టాలి. ముఖం కప్పకూడదు, ఒళ్లు సరిగా కప్పుకోవాలి, బొమ్మకి ఇంత దూరం అని అందరికీ చెప్పేదే వాళ్లకీ, అంతే గొంతుతో, పక్కవాళ్లకి వినపడకుండా చెప్పండి. కాలర్ మెడలో గొలుసు లాంటిది, దాన్ని తీయమనకండి. పక్కన హ్యాండ్లర్ ఉన్నా సరే నేరుగా ఆ మనిషితోనే మాట్లాడండి. హుడ్ క్లోక్‌రూంలో పెట్టాల్సి వస్తే వాళ్లనే పెట్టుకోనివ్వండి. మీరే తీసుకుంటే కోటులా మడవకండి, నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన మూతి సొట్టపోతే మళ్లీ నిలబడ్డానికి రోజులు పడుతుంది. అరలో నిటారుగా, మూతి ముందుకి వచ్చేలా పెట్టండి.