కడుపులోకి కెమెరా పంపే ముందు

చిరంజీవి రమణకు,

ఆదోనిలో మీ ఆపరేషన్ థియేటర్‌కు ల్యాపరోస్కోపీ సెట్టు (చిన్న గాటులోంచి పొట్టలోకి కెమెరా పంపి చూసేది) వచ్చిందని తెగ ఉవ్విళ్లూరుతూ రాశావు. సంతోషం. స్కాను, సీటీ, పొట్టలోంచి తీసిన నీటి పరీక్ష జబ్బును తేల్చేసిన చోట మాత్రం దాని జోలికి పోవద్దు. అవేవీ ఎటూ తేల్చనప్పుడే దానితో పని.

మన కర్నూలు వైపు ఎక్కువగా వచ్చేది పొట్టలో నీరు చేరిన కేసు. మిరప కోతలకు గుంటూరు పోయొచ్చిన ఆడమనిషి, సాయంత్రం జ్వరం, చిక్కిపోవడం. రక్త పరీక్షలో సీఏ-125 ఎక్కువుందని ఎవరో అండాశయం క్యాన్సర్ అని చెప్పి ఇంటిల్లిపాదినీ ఏడిపించి పంపుంటారు. టీబీలోనూ అది పెరుగుతుంది. లోపల చూస్తే పెరిటోనియం (పొట్ట లోపలి పొర) నిండా కొర్రగింజలంత తెల్లటి బొడిపెలు. చూడగానే టీబీ అనబుద్ధేస్తుంది. అనొద్దు. పాకిన క్యాన్సరూ అచ్చం అలాగే కనిపించగలదు. పరీక్షకు ముక్క తీయకుండా బయటికొచ్చావంటే మత్తిచ్చిందీ గాలి కొట్టిందీ దండగే.

పొట్టగోడ లోపలి పొర మీద రెండు మూడు చోట్ల తియ్యి. పేగు మీది బొడిపెను గిల్లకు, చిల్లు పడుతుంది. ఒక సీసాలో ఫార్మలిన్, ఇంకోదానిలో నార్మల్ సెలైన్ పెట్టించు. ఫార్మలిన్‌లో టీబీ క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) రాదు. కల్చర్‌కూ, టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్‌కూ సెలైన్‌లోదే పంపాలి. లేబుళ్లు అంటించిన సీసాలు కేసు మొదలుకాక ముందే సిద్ధంగా ఉంచమని సిస్టర్‌కు చెప్పు. లేదంటే చివరి హడావుడిలో అన్నీ ఫార్మలిన్‌లోనే పడతాయి.

టీబీ పొట్టలో పేగులు గోడకు అతుక్కుని ఉండొచ్చు. అందుకని గ్యాస్ ఎక్కించే వెరెస్ సూది గుడ్డిగా గుచ్చకు. బొడ్డు దగ్గర చిన్నగా కోసి, ఒక్కో పొరా కంటితో చూసుకుంటూ వెళ్లు. 1971లో హాసన్ అనే డాక్టరు చెప్పిన ఆ ఓపెన్ పద్ధతే నాకిప్పటికీ నమ్మకం. పొట్టలోకి ఎక్కించే గ్యాస్ ప్రెజర్ 12 ఎంఎం చాలు, 15 దాటించకు. లోపల అంతా అతుక్కుపోయి దారి దొరక్కపోతే పొట్ట పెద్దగా కోసి ఆపరేషన్ చెయ్యి, నామోషీ ఏం లేదు. కానీ ఆ సంగతి సంతకం తీసుకునేటప్పుడే ఇంటివాళ్లకు చెప్పాలి. భుజం నొప్పి గురించి కూడా. గ్యాస్ వల్ల డయాఫ్రం (పొట్టకూ ఛాతీకీ మధ్య కండరం) రేగి అది వస్తుంది. చెప్పకపోతే "పొట్టకు చేస్తే భుజం నొప్పేంది సార్" అని రాత్రి డ్యూటీవాళ్లను పట్టుకుంటారు.

క్లోమం జీర్ణాశయం వెనక దాక్కుంటుంది, పేగు లోపలి పుండూ స్కోపుకు కనిపించదు. కాబట్టి కేస్ షీట్‌లో "అంతా నార్మల్" అని గీకేయకు. చూసినవేవో, చూడలేకపోయినవేవో విడివిడిగా రాయి.

ఇట్లు,
మీ సార్