సిగ్నల్ మోసినవాళ్ల గురించి రాయి

తమ్ముడూ,

భారత నౌకాదళ కమ్యూనికేషన్ల విభాగం చరిత్ర అంటూ నువ్వు పంపిన అధ్యాయాలు శ్రద్ధగా చదివాను. తేదీలు సరిగా ఉన్నాయి. పరికరాల పేర్లూ సరిగా ఉన్నాయి. కానీ ఎవరు ఎవరికి ఏం చెప్పారో ఎక్కడా తెలియడం లేదు. జెండాలు, తర్వాత దీపాలు, తర్వాత వైర్లెస్, ఆ తర్వాత ఉపగ్రహం అని వరసగా సాగిపోతే అది స్టోర్ రూమ్ జాబితా అవుతుంది.

ఒకరి మాట ఇంకొకరికి చెడకుండా, వేళ మించకుండా చేరాలి. ఆ విభాగం ఉన్నదే అందుకు. కాబట్టి ప్రతి అధ్యాయంలో ఒక్క సందేశాన్ని పట్టుకుని దాని వెంటే నడువు. ఎవరు రాశారు, ఎవరు కోడ్‌లోకి మార్చారు, ఎన్నింటికి బయలుదేరింది, అవతల చదివింది ఎవరు, చదివేసరికి అది ఇంకా పనికొచ్చే మాటేనా?

మనవాళ్లు ఈ పని నేర్చుకున్నది రాయల్ నేవీ దగ్గర. అందుకని 1916 మే 31 నాటి జట్లాండ్ యుద్ధం ఒకసారి చూడు. శత్రువు జాడ తెలియగానే బ్రిటిష్ అడ్మిరల్ బీటీ తన ఓడలను తిప్పాడు. ఆ ఆజ్ఞ జెండాల మీద ఎగిరింది. దూరం వల్ల, పొగ వల్ల వెనకున్న అయిదో బాటిల్ స్క్వాడ్రన్‌కు అది అందలేదు. నాలుగు బలమైన యుద్ధనౌకలు కొన్ని నిమిషాలు పాత దారిలోనే వెళ్లిపోయి, పోరు మొదలయ్యే వేళకు బాగా వెనకబడ్డాయి. ఆ కొద్ది నిమిషాల్ని నిదానంగా రాయి. ఫిరంగుల సైజులు అక్కర్లేదు.

నీ పుస్తకానికి గుండెకాయ మాత్రం 1946 నావికుల సమ్మె. దానికి నువ్వు ఒక్క పేరా ఇచ్చావు. అది నాకు చాలా బాధ కలిగించింది. బొంబాయిలోని తల్వార్ అంటే రాయల్ ఇండియన్ నేవీ సిగ్నల్ శిక్షణ కేంద్రం. ఫిబ్రవరి 18న అక్కడి రేటింగ్స్, అంటే అధికారులు కాని నావికులు, తిండి ముట్టం, పనిలోకి రాం అన్నారు. నాసిరకం భోజనం, అధికారుల జాతి దూషణలు, బ్రిటిష్ నావికుల జీతాలతో పోలిస్తే తమకున్న తేడా, ఆజాద్ హింద్ ఫౌజ్ విచారణలు రేపిన కోపం, అన్నీ అందులో ఉన్నాయి. అంతకుముందే, 1945 డిసెంబర్ 1 నేవీ డే నాటికి, ఆ గోడల మీద క్విట్ ఇండియా నినాదాలు కనిపించాయి. ఆ పనికి తర్వాత పట్టుబడ్డ బి.సి. దత్ టెలిగ్రాఫిస్ట్, అంటే వైర్లెస్‌లో సందేశాలు పంపే, అందుకునే మనిషి. సమ్మె కమిటీ అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్ సిగ్నల్‌మన్, అంటే జెండాలతో, దీపాలతో సందేశాలు పంపేవాడు. ఉపాధ్యక్షుడు మదన్ సింగ్ కూడా టెలిగ్రాఫిస్టే.

ఈ ఉద్యోగాల పేర్ల దగ్గర ఆగు. అంతవరకూ వాళ్లు మోసింది దొరల మాటలే. ఏ ఓడలో వైర్లెస్ గది ఎలా నడుస్తుందో, ఎవరు ఏ వేళ చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటారో వాళ్లకు తెలుసు. తమ మాట తామే పంపాల్సి వచ్చినప్పుడు ఆ నేర్పంతా పనికొచ్చింది. కరాచీ, కలకత్తా, మద్రాసు, కొచ్చిన్, మన విశాఖపట్నం కూడా కదిలాయి. చరిత్రకారులు సాధారణంగా 78 ఓడలు, 20 తీర స్థావరాలు, సుమారు 20,000 మంది అని రాస్తారు. ఆ అంకెలు ఎక్కడి నుంచి తీసుకున్నావో పక్కనే చెప్పు. పటేల్, జిన్నా నచ్చజెప్పాక ఫిబ్రవరి 23న సమ్మె ముగిసింది. సమ్మె చేసినందుకు తీసేసినవాళ్లను స్వాతంత్ర్యం వచ్చాక కూడా నౌకాదళంలోకి తిరిగి తీసుకోలేదు. ఇది దాటేసి పోవద్దు.

తర్వాతి కాలం కొంత వేగంగా నడిపించవచ్చు. జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ రేడియో కేంద్రం, తమిళనాడులో తిరునెల్వేలి దగ్గరి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ గురించి రాసేటప్పుడు ఒక్క సంగతి విడమర్చు. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దాదాపు దిగవు. చాలా తక్కువ ఫ్రీక్వెన్సీవి మాత్రం కొన్ని మీటర్లు దిగుతాయి. అందుకే మునిగి ఉన్న సబ్‌మెరైన్‌కు అంత ఎత్తు టవర్ల నుంచి, పొట్టి మాటలు, నెమ్మదిగా పంపాలి. అదే దారిన జలాంతర్గామి నుంచి జవాబు రావడం కుదరదు. వినేవాడు తిరిగి పలకలేని సంభాషణ అది! దాన్ని మనిషి వైపు నుంచి రాయి. అలాంటి రెండో కేంద్రానికి 2024 అక్టోబర్‌లో వికారాబాద్ జిల్లా దామగుండంలో శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందన్న స్థానికుల ఆందోళన కూడా ఆ కథలో భాగమే.

రిటైరైన టెలిగ్రాఫిస్టుల్ని కలవబోతున్నావు కదా. కోడ్‌ల గురించి, ఇప్పటి వ్యవస్థల గురించి అడగకు, చెప్పలేక ఇబ్బంది పడతారు. రాత్రి వాచ్ డ్యూటీలో నిద్ర ఎలా ఆపుకునేవారో, అన్నిటికన్నా అత్యవసరమైన ఫ్లాష్ సందేశం వచ్చినప్పుడు గదిలో ఏం జరిగేదో, అవతలివాడు మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) కొట్టే తీరును బట్టి మనిషిని గుర్తుపట్టేవారా అని అడుగు. వాళ్లను తొందరపెట్టకు.

తల్వార్ అధ్యాయం ముందు తిరగరాయి. మిగతావి ఆగినా ఫర్వాలేదు, అది రాగానే చదువుతాను.

మీ అన్నయ్య