నిద్రమందు తాగనివాడు

కావలి

అమ్మాయీ,

ఒంగోలు నుంచి నువ్వు పంపిన కథ రాత్రి కూర్చున్నచోటే చదివేశాను. మాంత్రికురాలు వేలెడంత సీసా ఇస్తుంది. నీ నాయిక దాన్ని కోటలో కాపలావాళ్ల పానకంలో కలుపుతుంది. మూడొందల మందీ ఒక్కసారే గుర్రు పెడతారు. ఆమె తాళాలు తీసుకుని వెళ్లిపోతుంది. వాళ్లతో పాటు నాకూ అక్కడే కునుకు పట్టింది, ఏమనుకోకు.

నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కన రాసిన విరాటపర్వం ఒకసారి తీసి చూడు. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తే కౌరవులంతా సోలిపోతారు. బొమ్మలకు బట్టలు తెమ్మని ఉత్తర అడిగింది కదా, అవి తీసుకు రమ్మని ఉత్తరుణ్ణి పంపుతూ అర్జునుడు ఒక జాగ్రత్త చెబుతాడు: భీష్ముడి జోలికి మాత్రం పోవద్దు, ఆయనకు దీని విరుగుడు తెలుసు. ఇక ఉత్తరుడు వేసే ప్రతి అడుగూ మనకు టెన్షనే. ఆ ముసలాయన మెలకువగా లేకపోతే అదంతా ఆరేసిన బట్టలు తీసుకురావడమే కదా!

నీ కోటలో ఆ మెలకువ మనిషి ఎవరు? షుగర్ ఉండి పానకం ముట్టని ముసలి జమేదారైనా నాకు చాలు.

కొలత కూడా లేదు నీ మందుకి. మా అవ్వ చంటిపిల్లలకు సానరాయి మీద జాజికాయ అరగదీసి పాలలో పట్టేది. రెండు చుట్లు, అంతే. మూడో చుట్టు తిప్పబోతే నా చేతి మీద ఒక్కటి వేసేది.

నేనూ తక్కువ తినలేదులే. ఒక పాత కథలో దొంగకు ఉమ్మెత్త రసం తాగించి హాయిగా నిద్రపుచ్చాను. కందుకూరు దగ్గర ఒక నాటువైద్యుడు అది చదివి పడీపడీ నవ్వాడు. ఉమ్మెత్తకు నిద్ర ఎక్కడిదయ్యా, నోరెండిపోయి, చూపు మసకబారి, ఎదుట లేనివాళ్లతో మాట్లాడతారు, ఎక్కువైతే పోతారు అన్నాడు. నీ లోకంలో లేని ఆకుకి ఏ పేరైనా పెట్టుకో, ఎవరూ అడగరు. ఉన్న ఆకు పేరు పెట్టావో, దాని గుణం కూడా దాని వెంటే వస్తుంది.

అసలు పానకం ఎందుకు? చేపల పులుసులో కలుపు. చింతపండు, మామిడికాయ కలిసిన ఆ ఘాటులో మందు వాసన ఎవడికి తెలుస్తుంది? ఉప్పు చూసిన వంటవాడు గరిటె పట్టుకునే ఒరిగిపోతాడు. పైగా మన పులుసు వండిన రోజుకన్నా మర్నాడే రుచి. సగం మంది రేపటికి దాచుకుంటారు. ఈ రాత్రి సగం కోట నిద్రపోతుంది, రేపు మిగతా సగం. మధ్యలో నీ పిల్ల ఎక్కడ దాక్కుంటుందో నాకు చెప్పు.

వాగు దాటే ఘట్టం మాత్రం ముట్టుకోకు, బాగా కుదిరింది. తిరగరాసి పంపు. ఈసారి కాగితం మీద పంపు తల్లీ, ఫోన్‌లో చదివితే కళ్లు లాగుతున్నాయి.