ఎరుపు చోట కాదు, దాని పక్కన

సీతమ్మధార,
విశాఖపట్నం

చిరంజీవి తమ్ముడికి,

మోటారు కాయిల్ చుట్టులోని విద్యుత్ క్షేత్రం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. "సిమ్యులేషన్‌లో ఎర్రగా (అంటే క్షేత్రం అన్నిటికంటే ఎక్కువగా) కనిపించిన చోటే ఇన్సులేషన్ పోతుంది" అన్నావు చూడు, అక్కడ ఒళ్ళు మండింది. వ్యాసమంతా ఆ వాక్యం మీదే నిలబెట్టావు. అది తప్పు.

లెక్క వేసి చూడు. ఎనామెల్ పొర పూసిన రెండు రాగి తీగలు ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. ఒక్కోదాని పొర 0.04 మిల్లీమీటర్లు, రెండూ కలిపి 0.08. పొర పర్మిటివిటీ (గాలితో పోలిస్తే క్షేత్రాన్ని ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే అంకె) 4 అనుకుంటే అది 0.02 మిల్లీమీటర్ల గాలితో సమానం. తీగల మధ్య పీక్ 1000 వోల్టులు. ఆనుకున్న చోటికి ఆనుకునే ఉన్న గాలిలో క్షేత్రం మిల్లీమీటరుకు 50 కిలోవోల్టులు. నీ బొమ్మలో ఎర్రగా ఉన్నది ఇదే. కానీ అక్కడ గాలికి మందమే లేదు, దాని మీద పడే వోల్టేజీ దాదాపు సున్నా. కొంచెం పక్కకు జరుగు. తీగల మధ్య ఖాళీ 0.005 మిల్లీమీటర్లు ఉన్నచోట గాలి వాటా 200 వోల్టులు. ఎంత ఖాళీలో గాలి ఎన్ని వోల్టులకు తెగుతుందో చెప్పే పాషెన్ రేఖలో గాలికి కనీస విలువ సుమారు 330 వోల్టులు కాబట్టి అక్కడా ఏమీ జరగదు. ఖాళీ 0.03 అయ్యేసరికి క్షేత్రం 20కి పడిపోతుంది, గాలి వాటా మాత్రం 600కు చేరుతుంది. డిశ్చార్జ్, అంటే గాలి తెగి వచ్చే చిన్న మెరుపు, మొదలయ్యేది అక్కడే, నీ బొమ్మలో పసుపు రంగున్న చోట!

గాలి మిల్లీమీటరుకు 3 కిలోవోల్టుల దగ్గర తెగుతుందన్న పాఠ్యపుస్తకపు హద్దును ఇంత సన్నని ఖాళీకి వాడకు. ప్రతి క్షేత్రరేఖ వెంట గాలి భాగంలో వోల్టేజీ కూడి, ఆ పొడవుకు పాషెన్ విలువతో పోల్చు.

రాగి లోపల మెష్ (సిమ్యులేషన్ లెక్క కోసం గీసే చిన్న గడుల వల) అక్కర్లేదు, దాని ఉపరితలానికి వోల్టేజీ ఇస్తే చాలు. పొర మందంలో కనీసం నాలుగు ఎలిమెంట్లు (గడులు), ఆనుకున్న చోట 0.002 మిల్లీమీటర్ల మెష్ ఉండాలి. మెష్‌ను సగం చేసి మళ్ళీ నడుపు. స్లాట్ (కాయిల్ కూర్చునే ఇనుప గాడి) అంచును పదునైన మూలగా గీశావు. అక్కడ మెష్ సన్నబడేకొద్దీ క్షేత్రం అంకె పెరుగుతూనే పోతుంది, దాన్ని ఫలితమని రాయకు. మూలకు అసలు ఉన్న గుండ్రం ఇవ్వు.

415 వోల్టుల మోటారుకు 1000 ఎక్కడిదని పాఠకుడు అడుగుతాడు. మోటారును నడిపే ఇన్వర్టర్ లోపలి డీసీ వోల్టేజీ (డీసీ బస్) సుమారు 587. పొడవాటి కేబుల్ చివర వోల్టేజీ అల ప్రతిఫలనంతో అది రెట్టింపు దాకా పోవచ్చు. చేత్తో కలగాపులగంగా చుట్టిన కాయిల్‌లో మొదటి టర్న్ (చుట్టు) చివరి టర్న్ పక్కన పడొచ్చు, అప్పుడు ఆ వోల్టేజీలో చాలా భాగం ఆ రెండు తీగల మధ్యే పడుతుంది. ఇది తప్పకుండా రాయి.

రంగుల బొమ్మ ఉంటేనే వ్యాసం వేసే సంపాదకులున్నారు. అంకెల పట్టిక కోసేసి ఇంద్రధనుస్సు అచ్చేస్తారు. వాళ్ళ కోసం రాయకు.

గాజువాక ఆటోనగర్ షెడ్డులో విప్పిన కాయిల్ మీద తెల్లటి పొడి గురించి ఒక్క ముక్క రాసి వదిలేశావు. పొడి ఆనుకున్న గీతకు రెండు పక్కలా ఉందని, గీత మీద మాత్రం పొర నున్నగా ఉందని నువ్వే రాశావు. డిశ్చార్జ్ పొరను తిన్న గుర్తు ఆ పొడి. వ్యాసం అక్కడ మొదలుపెట్టు. ఆ గీత నుంచి పొడి ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ అంకెతో కలిపి మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య