తోడి రాగిణి బొమ్మ మొదలుపెట్టే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

రాగమాల, అంటే రాగాల్ని మనుషులుగా ఊహించి వేసే బొమ్మల వరస, మొత్తానికి ఒకేసారి పూనుకోకు. ఆరు రాగాలు, ఒక్కోదానికి భార్యలుగా ఊహించిన ఐదుగురు రాగిణులు, వెరసి 36 బొమ్మలు. పహాడీ (హిమాలయ కొండసీమ) చిత్రకారులు పాటించిన, మేషకర్ణుడనే గ్రంథకర్త పద్ధతిలో రాగపుత్రుల్నీ కలిపితే లెక్క 84. ముందు తోడి ఒక్కటి వెయ్యి. వీణ పట్టిన స్త్రీ, ఆ నాదానికి దగ్గరికొచ్చిన జింకలు, అంతే.

స్వరాలు పాడుకుంటూ బొమ్మ ఊహించకు. ఇప్పటి హిందుస్తానీ తోడి మన కర్ణాటక సంగీతంలోని శుభపంతువరాళి స్వరాలతో నడుస్తుంది, మన తోడి వేరు. చిత్రకారులకు ఆధారం రాగం రూపాన్ని వర్ణించే ధ్యానశ్లోకం, పాత నమూనా. నమూనాగా 1605లో రాజస్థాన్ మేవాడ్‌లోని చావండ్‌లో నసీరుద్దీన్ వేసిన రాగమాల చూడు. రంగులు చదునుగా, గట్టిగా పరిచాడు, నీడల పని తక్కువ. కొత్త చేతికి అదే మేలు.

వస్లీకి, అంటే బొమ్మ వేసే మందపాటి కాగితపు అట్టకి, చేతికాగితాలు మూడు నాలుగు మైదా జిగురుతో అంటించు. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వెయ్యి. బరువు కింద పూర్తిగా ఆరనివ్వు, తొందరపడితే అంచులు లేస్తాయి. తర్వాత అకీకు (అగేట్) రాయితో నున్నగా రుద్దు.

కావిరంగుతో పలచగా గీసి, పైన అడుగు గీత కనపడేంత పలచగా తెలుపు పూసి, గీతను మళ్ళీ సరిదిద్దు. రంగు పరిచిన ప్రతిసారీ ఆరాక బొమ్మను గాజుపలక మీద బోర్లించి వెనక నుంచి రుద్దాలి. రంగు కాగితంలోకి దిగేది అప్పుడే.

ఎక్కువమంది దెబ్బతినేది రంగులో కలిపే తుమ్మబంక దగ్గర. తక్కువైతే రంగు వేలికి అంటుతుంది, ఎక్కువైతే పగిలి, రుద్దినప్పుడు పెచ్చులుగా లేస్తుంది. అందుకే ప్రతి రంగునూ ముందు చిత్తు ముక్క మీద పూసి, ఆరాక వేలితో రుద్ది చూడు. ఒక రంగుకి సరిపోయిన పాళ్ళు ఇంకోదానికి సరిపోవు.

పసుపురంగు హరిదళంలో ఆర్సెనిక్, ఎర్రరంగు ఇంగిలీకంలో పాదరసం ఉంటాయి. ఉడుత వెంట్రుకల కుంచె మొన తీర్చడానికి పెదాల మధ్య పెట్టకు తల్లీ, ఈ ఒక్క మాట తప్పకుండా విను. హరిదళం పక్కన సీసపు తెలుపు నల్లబడుతుంది, జింక్ వైట్ వాడు.

జింక కళ్ళు, వీణ తీగలు అన్నిటికన్నా చివర. తీగలు ఒక్క ఊపులో గీయాలి, మధ్యలో ఆపితే ఆ చోట రంగు ముద్దకడుతుంది. బంగారం పూస్తే ఆరాక దాన్ని పైనుంచి రుద్దు, మెరుపు అప్పుడే వస్తుంది.

పైన శ్లోకానికి పసుపు పట్టీ మొదటి గీతలోనే వదులు. తర్వాత ఇరికిస్తే చెట్టుకొమ్మలు నరకాల్సి వస్తుంది.

ఇట్లు,
పెద్దమ్మ