చిప్పింగ్ క్యాంప్డెన్ అంత చిన్న ఊరికి అంతటి కట్టడాలు ఎలా వచ్చాయి?

ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ ప్రాంతంలో ఉన్న చిప్పింగ్ క్యాంప్డెన్ చిన్న సంత ఊరే అయినా అక్కడ అంత ఘనమైన రాతి కట్టడాలు ఎందుకున్నాయని అడిగారు. ప్రధాన కారణం గొర్రెల ఉన్ని. 14వ శతాబ్దంలో ఉన్ని వ్యాపారంలో బాగా గడించిన విలియం గ్రెవెల్ 1380 ప్రాంతంలో కట్టుకున్న ఇల్లు హై స్ట్రీట్‌లో నేటికీ చెక్కుచెదరకుండా ఉంది. 1401లో మరణించిన ఆయన స్మారక ఫలకాన్ని సెయింట్ జేమ్స్ చర్చిలో చూడవచ్చు.

ఊరి స్వభావాన్ని అన్నిటికన్నా బాగా చెప్పేది మాత్రం, నా దృష్టిలో, 1627లో ధనిక వస్త్ర వ్యాపారి సర్ బాప్టిస్ట్ హిక్స్ కట్టించిన మార్కెట్ హాలు. చుట్టూ రాతి కమానులు, పైన చెక్క దూలాల కప్పు, కింద శతాబ్దాల రాకపోకలకు అరిగి ఎగుడుదిగుడైన రాళ్ల నేల ఉన్న ఈ హాలును వెన్న, జున్ను, కోళ్లు అమ్ముకునేవారు ఎండావానలకు ఇబ్బంది పడకుండా బేరాలు చేసుకోవడానికి నిర్మించారు. 1940లలో ఇది అమ్ముడుపోయి అమెరికాకు తరలిపోయే పరిస్థితి వచ్చినప్పుడు ఊరివాళ్లే డబ్బు పోగుచేసి కొని, చారిత్రక కట్టడాలను పరిరక్షించే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు అప్పగించడం ఎంతైనా మెచ్చదగిన విషయం.

1902లో వాస్తుశిల్పి, డిజైనర్ సి.ఆర్. ఆష్‌బీ తూర్పు లండన్ నుంచి తన హస్తకళాకారుల సంఘాన్ని ఇక్కడి పాత పట్టు మిల్లుకు తీసుకొచ్చారు. సంఘం కొన్నేళ్లకే మూతబడినా, అందులోని ఒక వెండిపనివారి కుటుంబం తరతరాలుగా అదే మిల్లులో ఆ పనిని కొనసాగిస్తూ వచ్చింది.